కోఠీ మేడ కట్టిన కిర్క్‌పాట్రిక్

మీలో మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు కాపురముంటున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. విదేశంలో ఒక బిడ్డో, మనుమడో, మనుమరాలో లేని ఇల్లు అటువైపు అరుదు. ఆదివారం పూజ ముగించుకుని ఇంటికి వచ్చిన అమ్మమ్మలు, నానమ్మలు సెల్‌ఫోనులో ఆ పిల్లల ముఖాలు చూసి మురిసిపోతారు. మనుమరాలికి తెలుగు సరిగా రాదు. అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. మధ్యలో కూతురో, అల్లుడో అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తూ ఉంటారు. ఈ వారం మీకు చెప్పబోయే జీవితకథ కూడా చివరికి ఇలాంటి ఒక అమ్మమ్మ దగ్గరికే, ఇలాంటి ఒక మనుమరాలి దగ్గరికే చేరుతుంది. అయితే అది ఫోనులు లేని కాలం. వారి మధ్య ఆరు నెలల ఓడ ప్రయాణం ఉండేది.

సెలవు దొరికిన ఒక రోజున పిల్లలను వెంటబెట్టుకుని హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో ఎక్కండి. అమీర్‌పేటలో రైలు మారి, ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగండి. అక్కడికి దగ్గరలోనే, మూసీ నది ఒడ్డున, మనం ఇంతకాలం కోఠీ మహిళా కళాశాల అని పిలుచుకున్న ఆవరణ ఉంది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. ఆ ఆవరణలో తెల్లని పెద్ద మేడ ఒకటి నిలబడి ఉంది. ముందు వెడల్పాటి మెట్లు, మెట్లకు ఇరువైపులా రెండు రాతి సింహాలు, పైకప్పును మోస్తున్న ఎత్తయిన స్తంభాలు. చూసినవారికి అమెరికా అధ్యక్షుడి శ్వేతభవనం గుర్తుకు వస్తుంది. అదే పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ. కోఠీ అంటే పెద్ద భవనం అని అర్థం. ఆ పేటకు పేరు వచ్చింది ఈ మేడ వల్లనే.

దీనిని కట్టించినవాడు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. మన మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. దానికి సరిగ్గా 200 ఏళ్ళ ముందు, 1798లో, మరో రకం కంపెనీ, అంటే ఈస్టిండియా కంపెనీ, హైదరాబాదులో శాశ్వతంగా పాదం మోపింది. ఆ పని చేసి పెట్టినవాడు కూడా ఇతడే.

తల్లి లేని బాల్యం

కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో పుట్టాడు. తండ్రి కంపెనీ సైన్యంలో కర్నలు. జేమ్స్ రెండేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడే, 1766లో, తల్లి క్యాథరిన్ చనిపోయింది. తరువాత అతడిని ఇంగ్లండుకు పంపించారు. ఈటన్ బడిలోనూ, కొంతకాలం ఫ్రాన్సులోనూ చదువుకున్నాడు. 15 ఏళ్ళ వయసులో, 1779లో, కంపెనీ సైన్యంలో ఉద్యోగానికి తిరిగి మద్రాసు వచ్చాడు.

అతనికి విలియం అనే అన్న ఉండేవాడు. ఒకే తండ్రి, వేరు తల్లి. విలియం తండ్రికి వివాహం వెలుపల పుట్టినవాడు. అయినా అన్నదమ్ములిద్దరూ ఒకరికొకరు ప్రాణంగా ఉండేవారు. తల్లి లేని ఇంట్లో, సగం కుటుంబం సముద్రానికి అవతల ఉండగా పెరిగిన మనిషి ఇతడు. ఈ సంగతి మీరు మనసులో ఉంచుకోవాలి. తాను పడిన లోటే తన పిల్లలకూ అతడు మిగిల్చి వెళ్ళాడు.

విలియం హైదరాబాదు నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంటుగా, అంటే రాయబారిగా, నియమితుడయ్యాడు. 1795లో జేమ్స్ అన్నకు సహాయకుడుగా హైదరాబాదు చేరాడు. విలియం ఆరోగ్యం చెడి 1797లో సెలవు మీద వెళ్ళిపోవడంతో రెసిడెంటు పని జేమ్స్ చేతికి వచ్చింది. అప్పటికి అతనికి 33 ఏళ్ళు. పారశీకం, హిందూస్తానీ చక్కగా మాట్లాడేవాడు. హైదరాబాదు ప్రభువుల మాదిరి దుస్తులు వేసుకునేవాడు, మీసాలు పెంచాడు, హుక్కా తాగేవాడు. దర్బారు మర్యాదలన్నీ నేర్చుకున్నాడు. నిజాం అలీ ఖాన్‌కు అతడంటే ఎంతో అభిమానం. హష్మత్ జంగ్ అనే బిరుదు కూడా ఇచ్చాడు.

ఫ్రెంచి దండు, కంపెనీ సంధి

ఆ రోజుల్లో బ్రిటనుకు, ఫ్రాన్సుకు ప్రపంచమంతటా యుద్ధం నడుస్తోంది. హైదరాబాదులో నిజాంకు ఫ్రెంచి అధికారులు నడిపే పెద్ద దండు ఒకటి ఉండేది. దానికి నాయకుడు రేమాండ్. ప్రజలు అతడిని ఎంతగా ప్రేమించారంటే, హిందువులకు మూసా రాముడు, ముస్లిములకు మూసా రహీం అయ్యాడు. మూసారాంబాగ్ పేరు అతని పేరే. ఆ దగ్గరి గుట్ట మీద అతని సమాధి నేటికీ ఉంది. 1798 మార్చిలో రేమాండ్ చనిపోయాడు.

ఈ అవకాశాన్ని కిర్క్‌పాట్రిక్ జారవిడవలేదు. నిజాంతో, ప్రధాని అరస్తు జాతో మంతనాలు సాగించి 1798 సెప్టెంబరు 1న సంధి కుదిర్చాడు. ఆ సంధి ప్రకారం ఫ్రెంచి దండును రద్దు చేయాలి, దాని స్థానంలో కంపెనీ సైన్యం హైదరాబాదులో ఉండాలి, దాని ఖర్చు నిజాం భరించాలి. అక్టోబరు 22న కంపెనీ పటాలాలు ఫ్రెంచి దండు విడిదిని చుట్టుముట్టాయి. పది వేలకు మించిన సైనికులు ఆయుధాలు కింద పెట్టారు. నెత్తుటి యుద్ధం జరగకుండానే పని ముగిసింది. మన దేశంలో ఫ్రెంచివారి ఆశలు అడుగంటిన ఘట్టాల్లో ఇది ఒకటి. మరుసటి సంవత్సరం, 1799 మే 4న, శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ నేలకొరిగాడు. ఆ యుద్ధంలో నిజాం సేన కంపెనీ పక్షాన నడిచింది.

1800 అక్టోబరులో మరో సంధి జరిగింది. మైసూరు యుద్ధాల్లో తన వంతుకు వచ్చిన బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను నిజాం కంపెనీకి ఇచ్చివేశాడు. దత్త మండలాలని మన పెద్దలు పిలిచినవీ, నేడు రాయలసీమ అని మనం పిలుస్తున్నవీ చాలావరకు ఇవే. కడప, కర్నూలు మేత్రాసనాల పాఠకులారా, మీ జిల్లాలు తెల్లదొరల పాలనలోకి వెళ్ళింది ఈ కిర్క్‌పాట్రిక్ చేతి మీదుగానే.

ఇంతవరకు చదివితే ఇతడు కంపెనీకి నమ్మినబంటు అనిపిస్తుంది. మొదట అలాగే ఉన్నాడు కూడా. కానీ గవర్నర్ జనరల్ వెల్లెస్లీ ప్రభువు స్నేహితులైన రాజులను సైతం బెదిరించి లొంగదీసే తీరు అతనికి రానురాను మింగుడు పడలేదు. తన మాట నమ్మి నిజాం సంతకం చేశాడు, ఇప్పుడు ఆ నిజాం చేతులే కట్టేస్తున్నారు అన్న బాధ అతడిని పీడించింది. కంపెనీ ఉప్పు తింటూ హైదరాబాదు మేలు కోరడం కత్తి మీద సాము అయింది.

గడప దాటిన ప్రేమ

ఈ రాజకీయాల నడుమనే అతని జీవితాన్ని మార్చిన సంఘటన జరిగింది. నగరంలోని ఒక పెద్ద సయ్యదుల ఇంట్లో ఖైరున్నీసా అనే అమ్మాయి ఉండేది. పారశీక మూలాలున్న కుటుంబం. నిజాం రాయబారి మీర్ ఆలం వారికి దగ్గరి బంధువు. జూపార్కు పక్కన ఉన్న మీర్ ఆలం చెరువు ఆయన పేరు మోస్తున్నదే. 1798 చివరలో ఆమె అక్క పెళ్ళి వేడుకలో ఖైరున్నీసా కిర్క్‌పాట్రిక్‌ను తెర చాటునుంచి చూసిందని చెబుతారు. ఆమె తల్లి షరఫున్నీసా ఈ సంబంధానికి తోడ్పడింది. అమ్మాయికి అప్పటికే వేరొక సంబంధం నిశ్చయమై ఉంది. ఆమె దానిని నిరాకరించింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఖైరున్నీసాకు అప్పటికి సుమారు 14 ఏళ్ళు. ఆనాటి సమాజం దానిని పెళ్ళీడుగానే చూసింది. ఈనాడు మన చట్టం ఒప్పుకోదు, మన మనస్సాక్షీ ఒప్పుకోదు. పైగా అతడు దర్బారులో ఎదురులేని కంపెనీ రెసిడెంటు. తన అధికారాన్ని ఉపయోగించి ఆ ఇంటివారిని లొంగదీశాడన్న నింద ఆనాడే వచ్చింది. కలకత్తా ప్రభుత్వం ఒకసారి కాదు, రెండుసార్లు విచారణ జరిపింది. చివరికి పదవి నిలబడింది గాని, అనుమానపు నీడ మాత్రం అతడిని వదలలేదు.

ముస్లిం స్త్రీని పెళ్ళాడాలంటే ముస్లిం అయి ఉండాలి. అందుకని అతడు రహస్యంగా ఇస్లాం స్వీకరించి, 1800లో ఆమెను ఆ ఆచారం ప్రకారమే వివాహం చేసుకున్నాడు. కంపెనీ కొలువులో ఇంగ్లీషు దొర, ఇంటి గడప లోపల ముస్లిం గృహస్థు. ఒక మనిషి తన విశ్వాసాన్ని తన పై అధికారులకు దాచిపెట్టి బతకవలసి రావడం ఎంత బరువో ఆలోచించండి. అతడు నిజంగా నమ్మి మారాడా, పెళ్ళి కోసం మారాడా అన్నది దేవునికే తెలుసు. అయితే ఆమెను ఉంపుడుగత్తెగా ఉంచుకుని వదిలేసే వీలు ఉండి కూడా అతడు ఆ పని చేయలేదు. ఆ రోజుల్లో ఎందరో దొరలు చేసింది అదే. అతడు ఆమెను భార్యగా స్వీకరించాడు, ఇల్లు కట్టాడు, పిల్లలను తన పిల్లలని ఒప్పుకున్నాడు.

1801 మార్చి 4న కొడుకు పుట్టాడు. సాహెబ్ ఆలం అని పిలుచుకున్నారు. 1802 ఏప్రిల్ 9న కూతురు పుట్టింది. పేరు నూరున్నీసా, ముద్దుగా సాహెబ్ బేగం.

విచారణ జరిపించిన ప్రభువు

కతోలిక పాఠకులు తెలుసుకోవలసిన ఒక చిత్రమైన సంగతి ఇక్కడ ఉంది. కిర్క్‌పాట్రిక్ వివాహం మీద మండిపడిన వెల్లెస్లీ ప్రభువు ఐర్లండులో పుట్టినవాడు, ప్రొటెస్టంటు. ఆ కాలంలో బ్రిటనులో కతోలికులు పార్లమెంటులో కూర్చోవడానికి వీలులేదు. 1678 నాటి చట్టం వారిని గెంటివేసింది. పెద్ద పదవులకు వారు అనర్హులు. పరమత వివాహం చేసుకున్నాడని ఒక ఉద్యోగిని ఆరా తీసిన ఈ ప్రభువు, 1825లో, ఐర్లండుకు రాజప్రతినిధిగా ఉన్నప్పుడు, మరియాన్ ప్యాటర్సన్ అనే అమెరికా కతోలిక వితంతువును వివాహమాడాడు. అప్పుడు రాజు నాలుగవ జార్జి నొచ్చుకున్నాడు. నాడు కిర్క్‌పాట్రిక్ పడిన చిక్కు రుచి కొంత వెల్లెస్లీకీ తగిలింది.

ఇంకా వినండి. శ్రీరంగపట్నం ముట్టడిలో నిజాం సేనతో కలిసి నడిచిన వెల్లెస్లీ తమ్ముడు ఆర్థర్, తరువాత వెల్లింగ్టన్ డ్యూకుగా పేరుపొంది బ్రిటను ప్రధానమంత్రి అయ్యాడు. ఐర్లండులో డేనియల్ ఓకానెల్ నడిపిన ఉద్యమానికి తలవంచి, 1829లో కతోలికులకు పార్లమెంటు ద్వారాలు తెరిచే చట్టాన్ని తెచ్చినవాడు ఆయనే. బ్రిటను మత చరిత్రలో అదొక పెద్ద మలుపు. మన గడ్డ మీద తిరిగిన మనుషులే అక్కడ ఆ మలుపు తిప్పారు.

కాగితం మీద చిన్న మేడ

రెసిడెన్సీ కట్టడం 1803లో మొదలైంది. నమూనా గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. అతని తండ్రి లండనులో పేరున్న చిత్రకారుడు. ఖర్చు నిజాంది. దీని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కిర్క్‌పాట్రిక్ మొదట పెద్ద కాగితం మీద స్థలం పటం గీయించి నిజాం ముందు పరిచాడట. అంత పెద్ద పటం చూసి నిజాం కుదరదన్నాడట. అప్పుడు మీర్ ఆలం సలహా మీద అదే పటాన్ని చిన్న చీటీ మీద గీయించి చూపితే వెంటనే ఒప్పుకున్నాడట. నిజమో కల్పనో గాని, హైదరాబాదువారు నవ్వుతూ చెప్పుకునే కథ ఇది.

మేడ ముఖం అంతా యూరపు పద్ధతి. కొరింథీ తరహా స్తంభాలు, వాటిపైన త్రికోణపు గోడలో కంపెనీ రాజచిహ్నం, లోపల రెండంతస్తుల ఎత్తు దర్బారు హాలు. ఇదంతా లోకానికి కనిపించే ముఖం. మేడ వెనుక తోటలో, ప్రహరీ చాటున, భార్య కోసం అతడు రంగ్ మహల్ అనే అంతఃపురం కట్టించాడు. అది పూర్తిగా మన దేశపు పద్ధతి. ఫౌంటెన్లు, చిత్రాలు వేసిన గోడలు. తోటలంటే అతనికి ప్రాణం. మామిడి అంట్లు తెప్పించి నాటించాడు. పరదాలో ఉండే ఖైరున్నీసా పెద్ద మేడను ముందునుంచి చూడలేదు కదా అని, దాని నమూనాను చిన్నగా, బొమ్మరిల్లులా కట్టించి ఆమె తోటలో పెట్టించాడని చెబుతారు. ఆ బొమ్మ మేడ నేటికీ ఉంది.

ఒకే ప్రహరీలో రెండు లోకాలు. ముందు కంపెనీ, వెనుక కాపురం. రెండింటికీ మధ్య తిరిగినవాడు అతడొక్కడే.

1805

పిల్లలకు నాలుగేళ్ళు, మూడేళ్ళు వచ్చాయి. దేశీయ తల్లికి పుట్టినవారికి కంపెనీ ఉద్యోగాలు ఇవ్వరాదని 1791లోనే ఉత్తర్వులు వచ్చాయి. ఇక్కడ ఉంటే పిల్లలు రెంటికీ చెడ్డ రేవడి అవుతారని తండ్రి భయపడ్డాడు. ఇంగ్లండులో తన తండ్రి వద్ద పెరిగితే మంచి చదువు, మంచి భవిష్యత్తు ఉంటాయనుకున్నాడు. తల్లికి ఇష్టం లేదు. అయినా మాట నెగ్గింది తండ్రిదే.

మద్రాసులో పిల్లలు ఓడ ఎక్కే ముందు, జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వారిద్దరినీ నిలువెత్తు చిత్రంగా గీశాడు. హైదరాబాదు జరీ దుస్తుల్లో అన్నాచెల్లెళ్ళు మెట్ల మీద పక్కపక్కన నిలబడి ఉంటారు. ఆ చిత్రం హైదరాబాదులోని తల్లికి చేరింది. 1805 సెప్టెంబరులో ఓడ కదిలింది. ఖైరున్నీసాకు బిడ్డల స్థానంలో బొమ్మ మిగిలింది.

కిర్క్‌పాట్రిక్ అప్పటికే జబ్బుతో ఉన్నాడు. వెల్లెస్లీ స్థానంలో కొత్తగా వచ్చిన గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ప్రభువును కలుసుకోవాలని మద్రాసు నుంచి కలకత్తాకు సముద్రం మీద బయలుదేరాడు. అతడు కలవబోయిన కారన్‌వాలిస్ అక్టోబరు 5న గాజీపూర్‌లో చనిపోయాడు. పది రోజుల తరువాత, 1805 అక్టోబరు 15న, కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. వయసు 41. భార్య హైదరాబాదులో, బిడ్డలు నడిసముద్రంలో. దగ్గర తనవారెవరూ లేరు. కట్టించిన మేడ ఇంకా పూర్తి కాలేదు.

తరువాత జరిగింది

మరుసటి ఏడు ఖైరున్నీసా అంత దూరం ప్రయాణం చేసి కలకత్తాలోని భర్త సమాధిని చూసింది. కిర్క్‌పాట్రిక్ దగ్గర సహాయకుడుగా పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు అండగా ఉంటానన్నాడు, ఆమె నమ్మింది. కానీ మీర్ ఆలం ఆమెను హైదరాబాదుకు రానివ్వకపోవడంతో మచిలీపట్నంలో ప్రవాసం గడపవలసి వచ్చింది. రస్సెల్ ఆమెను అక్కడే వదిలేసి 1808లో మద్రాసులో వేరొకరిని పెళ్ళాడాడు. తరువాత ఎప్పటికో ఆమె హైదరాబాదు తిరిగి రాగలిగింది. 1813 సెప్టెంబరులో, 27 ఏళ్ళ ప్రాయంలో, చనిపోయింది. బిడ్డలను మళ్ళీ చూడనే లేదు.

ఇంగ్లండు చేరిన పిల్లలకు 1806 మార్చి 25న, మంగళవార్త పండుగ రోజున, లండనులోని మేరిల్‌బన్ ఆంగ్లికన్ దేవాలయంలో జ్ఞానస్నానం ఇప్పించారు. సాహెబ్ ఆలం విలియం జార్జి అయ్యాడు. సాహెబ్ బేగం క్యాథరిన్ అరోరా అయింది. ఇంట్లో పిలుపు కిట్టీ. క్యాథరిన్ అన్నది తండ్రి చిన్ననాడే పోగొట్టుకున్న తల్లి పేరు. పేర్లు మారాయి, దుస్తులు మారాయి, భాష మారింది. హైదరాబాదుతో రాకపోకలు, ఉత్తరాలు కూడా తెగిపోయాయి.

ప్రియ పాఠకులారా, జ్ఞానస్నానం గొప్ప వరమని మనం విశ్వసిస్తాం. కాని ఆ వరం పొందిన బిడ్డ కన్నతల్లిని మరిచిపోవాలని ఏ దేవుడు చెప్పాడు? మంగళవార్త పండుగ ఒక తల్లిని గౌరవించే పండుగ. ఆ రోజున ఆ పిల్లలను ఒక తల్లి నుంచి దూరం చేసినవారికి ఈ ఆలోచన తట్టినట్టు లేదు. తల్లిదండ్రులను గౌరవించమన్న నాల్గవ ఆజ్ఞ తల్లి మతమేమిటని అడగదు.

విలియం 1812లో మరుగుతున్న నీళ్ళ పాత్రలో పడి వికలాంగుడయ్యాడు. 1828లో చనిపోయాడు. కిట్టీ అందగత్తెగా, మంచి మనసున్న మనిషిగా పెరిగింది. పేరుమోసిన రచయిత థామస్ కార్లైల్ యువకుడుగా ఉన్నప్పుడు ఆమె పరిచయం పొందాడు. అతని పుస్తకంలోని నాయిక బ్లూమిన్‌లో ఆమె పోలికలున్నాయని చాలామంది అంటారు. కతోలికుల చట్టం వచ్చిన 1829లోనే ఆమె ఫిలిప్స్ అనే సైనికాధికారిని పెళ్ళాడింది.

అమ్మమ్మ ఉత్తరాలు

సుమారు 1841లో కిట్టీ ఇంగ్లండులోని ఒక పెద్ద ఇంటికి వెళ్ళింది. అది హెన్రీ రస్సెల్ ఇల్లు. గోడ మీద ఒక చిత్రం వేలాడుతోంది. జరీ దుస్తుల్లో ఇద్దరు చిన్నపిల్లలు. తానూ, తన అన్నా! ఆమె కన్నీళ్ళు ఆపుకోలేకపోయింది. ఆ చిత్రం వల్ల తీగ లాగితే డొంక కదిలింది. అమ్మమ్మ షరఫున్నీసా హైదరాబాదులో ఇంకా బతికే ఉందని తెలిసింది.

అప్పటికి అమ్మమ్మ ముసలిది. ఆస్తిపాస్తులు పోయి లేమిలో ఉంది. మనుమరాలు పిల్లల తల్లి, 40 ఏళ్ళకు దగ్గర పడుతోంది. ఇద్దరూ విడిపోయి 36 ఏళ్ళు. మనుమరాలికి పారశీకం రాదు, అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు. రెసిడెన్సీలో ఉద్యోగి డంకన్ మాల్కం మధ్యవర్తి అయి ఉత్తరాలు చేరవేశాడు. అమ్మమ్మ చెప్పగా రాసేవారు పారశీకంలో రాసేవారు. అవి ఇంగ్లీషులోకి మారి సముద్రం దాటేవి. తల్లి ఎలా ఉండేదో, తండ్రి ఆమెను ఎలా చూసుకునేవాడో, పెళ్ళి ఎలా జరిగిందో కిట్టీ అడిగింది. అమ్మమ్మ చెప్పింది. దాచిపెట్టిన ఖైరున్నీసా తలవెంట్రుకల పాయను పంపించింది. మూడేళ్ళ వయసులో పోగొట్టుకున్న తల్లిని కిట్టీ తాకగలిగింది అలా ఒక్కసారే.

ఆ ఉత్తరాలు సుమారు ఆరేళ్ళు నడిచాయి. 1847లో షరఫున్నీసా చనిపోయింది. అమ్మమ్మ, మనుమరాలు కళ్ళారా చూసుకోనేలేదు. కిట్టీ 1889లో ఇంగ్లండులోని టార్కీ పట్టణంలో కన్నుమూసింది. రస్సెల్ మరణపత్రం ద్వారా చిత్రం ఆమెకే దక్కింది. ఇప్పుడది హాంగ్‌కాంగ్‌లో ఒక బ్యాంకు సేకరణలో ఉంది.

మిగిలినదేమిటి?

కిర్క్‌పాట్రిక్ కుదిర్చిన సంధుల మీద నిలిచిన కంపెనీ పాలన 1858లో ముగిసింది, బ్రిటిష్ పాలన 1947లో ముగిసింది. మేడ మాత్రం నిలబడింది. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లాఉద్దీన్ నాయకత్వంలో ప్రజలు దాని మీద దాడి చేశారు. కొద్ది ఏళ్ళకు, 1860లో, రంగ్ మహల్‌ను ఒక రెసిడెంటు కూల్చివేయించాడు. భార్యాబిడ్డల కోసం ప్రేమతో కట్టిన ఇల్లు పోయింది, కంపెనీ కోసం కట్టిన మేడ మిగిలింది. స్వాతంత్ర్యం తరువాత, 1949లో, ఆ మేడ ఆడపిల్లల కళాశాల అయింది. ఒకనాడు పరదా దాటి ఆ మేడ ముందు నిలబడలేకపోయిన ఖైరున్నీసా వంటి ఆడపిల్లలు తరాలుగా ఆ మెట్లెక్కి చదువుకున్నారు. చాలాకాలం శిథిలమైన మేడకు ఈమధ్య మరమ్మతులు చేసి మళ్ళీ వన్నె తెచ్చారు. ఇది మనందరికీ సంతోషకరమైన విషయం.

కిర్క్‌పాట్రిక్‌ను దేశద్రోహమో, స్వామిద్రోహమో చేసినవాడిగా చూసేవారూ ఉన్నారు, రెండు జాతుల మధ్య వంతెనగా పొగిడేవారూ ఉన్నారు. నాకు మాత్రం అతడు మంచి చేయబోయిన తండ్రిగా కనిపిస్తాడు. పిల్లల భవిష్యత్తు కోసమని వారిని పంపించాడు. ఆ ప్రేమను శంకించలేం. కాని తల్లితో, అమ్మమ్మతో వారికి ఉన్న దారి తెగిపోకుండా చూసే మనిషిని ఎవరినీ అటువైపు నిలబెట్టలేకపోయాడు. తాను బతికి ఉంటే చూసుకోవచ్చు అనుకున్నాడేమో. ఆ అవకాశం అతనికి దొరకలేదు.

మీ ఇళ్ళలోనూ పిల్లలు చదువు కోసం, ఉద్యోగం కోసం సముద్రాలు దాటుతున్నారు. వేరే భాషవారిని, వేరే సంఘంవారిని, వేరే మతంవారిని పెళ్ళాడుతున్నారు. కొన్ని ఇళ్ళలో అలాంటి పెళ్ళి జరిగిన నాటినుంచి మాటలు ఆగిపోయాయి. మనుమడు పుట్టాడని ఎవరో మూడో మనిషి చెబితే తెలుసుకుంటున్న అమ్మమ్మలు మన విచారణల్లోనే ఉన్నారు. వారికోసమే ఈ వారం ఈ కథ రాశాను.

కిట్టీ తన అమ్మమ్మను వెదుక్కోవడానికి 36 ఏళ్ళు పట్టింది. మీకు ఒక్క నిమిషం చాలు. ఈ పేజీ మడిచి పక్కన పెట్టి, ఫోను తీసుకోండి.